బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడు

నిన్న రాత్రి ఫోన్లో "అక్కా, బండి దొరికింది, తళతళా మెరిసిపోతోంది" అని నువ్వనగానే నా గుండె జారింది చెల్లాయ్. నీ సంబరం మీద నీళ్ళు చల్లడమెందుకని అప్పటికి ఊరుకున్నాను. తెల్లారాక ఆగలేక ఇది రాస్తున్నాను. కూరలూ పచ్చళ్ళూ చెప్పుకునే చోట ఈ బళ్ళ గోలేమిటని మిగతా అక్కచెల్లెళ్ళు అనుకుంటే అనుకోనీ. పచ్చళ్ళ వ్యాపారం కాస్త పెరిగాక జాడీలు గాల్లో ఎగిరెళ్ళవుగా, బండి కావాలి.

మా మొదటి పికప్ కథ నీకు సగమే తెలుసు. కడియంలో నర్సరీ పెట్టిన మూడో ఏడు, మొక్కలు తోలిన ప్రతిసారీ కిరాయి ఏం కడతాంలే అని, నా గాజులు బ్యాంకులో పెట్టి కొన్నాం. కన్సల్టెన్సీ షెడ్డులో కొత్త పెయింటు వేసి, ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టి, దాన్ని పెళ్ళికొడుకులా నిలబెట్టారు. మీ బావగారు ఎక్కి ఒక రౌండు కొట్టొచ్చారు. కూర్చోబెట్టి కూల్‌డ్రింకు ఇచ్చారు. అది తాగేలోపే అడ్వాన్సు చేతులు మారిపోయింది.

మూడు నెలలు బానే నడిచింది. ఓ రోజు తాడేపల్లిగూడేనికి కొబ్బరి మొక్కల లోడు వేసుకెళ్తుంటే, రావులపాలెం దాటాక వెనకాల ఏదో ఫట్‌మంది. బండి ఒక పక్కకి ఒరిగిపోయింది. రోడ్డు పక్క మెకానిక్ ఒకాయన కిందికి దూరి స్క్రూడ్రైవరుతో ఛాసిస్‌ని ఇలా గీకాడో లేదో, నల్ల పెయింటు కింద నుంచి తుప్పు అప్పడం ముక్కల్లా పెచ్చులు పెచ్చులుగా రాలింది. కమాన్ కట్ట బిగించే చోట ఛాసిసే చీలిపోయింది. తర్వాత ఆయన తొట్టి అడుగున రేకుల సందులో గోరు పెట్టి ఏదో గిల్లి తీసి నా అరచేతిలో పెట్టాడు. ఎండిపోయిన చేప పొలుసు. "రేవులో చేపలు మోసిన బండమ్మా ఇది. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు రోజూ దీని మీదే కారుంటాయి" అన్నాడు. వెల్డింగులకీ, ప్లేట్లకీ, పని ఆగిన రోజులకీ కలిపి 60 వేలు దాటింది. గాజులు విడిపించుకోవడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

అందుకని నా మటుకు నేను ఇప్పుడు ఏ బండి చూసినా ముందు అడిగేది ఒకటే: ఇన్నాళ్ళూ ఇది ఏం మోసింది? రేటు సంగతి ఆ తర్వాత. సంబంధం చూసేటప్పుడు అబ్బాయి ఫొటో చూసి మురిసిపోతామా, నలుగురిని ఆరా తీయమూ? ఇదీ అంతే. టెంట్ హౌస్ వాళ్ళ బండయితే పెళ్ళిళ్ళ సీజన్లో తప్ప ఇంటి దగ్గరే పడుంటుంది, పెద్దగా అరగదు. పాలబండి రోజూ తిరుగుతుంది గానీ వెళ్ళే దారి ఒకటే, వేళ ఒకటే, బాగా చూసుకునే చేతుల్లో పడితే భయం లేదు. ఇసుకా, ఇనుమూ, గ్రానైటూ తోలిన బండి జోలికి మాత్రం నేను పోను. ఇంకా మోసపుచ్చేది మంచినీళ్ళ క్యాన్ల బండి. చూడ్డానికి నీళ్ళేగా అనిపిస్తుంది. ఒక్కో క్యాను 20 లీటర్లు, అంటే 20 కిలోలు. వంద క్యాన్లు పేర్చారంటే రెండు టన్నులు! 1.7 టన్నుల బొలెరో పికప్‌కే అది ఎక్కువ. ఇక 750 కిలోలు మోసే పాత టాటా ఏస్ మీద అందులో సగం పెట్టినా దాని నడుం ఏమవుతుందో ఊహించుకో. పేరుకి చిన్న ఏనుగంటారు గానీ నిజం ఏనుగు కాదుగా అది.

ఓనరు నిజం చెప్పకపోతే తొట్టి చెబుతుంది. లోపలి రేకు సొట్టలు చూడు, మూలల్లో ఏం ఇరుక్కుందో చూడు, వాసన చూడు. తర్వాత వెనక కమాన్ కట్టల్లో పట్టీలు లెక్కపెట్టు. రెండు పక్కలా ఒకే లెక్క ఉండాలి, కంపెనీ ఇచ్చినన్నే ఉండాలి. పాతవాటి మధ్య కొత్త పట్టీ అదనంగా దూర్చారంటే ఓవర్‌లోడుకి అలవాటు పడిన బండన్నమాట. ఛాసిస్ మీద వెల్డింగు గీత కనబడితే ఇక అక్కడితో నమస్కారం పెట్టి వచ్చెయ్యి. "చిన్న పనేనమ్మా, గట్టిగా చేయించాం" అంటారు. మాకూ అదే అన్నారు.

ఇంజను దగ్గరికొద్దాం. నీకు ఇంజను గురించి ఏమీ తెలియకపోయినా ఫరవాలేదు, ఒక్క పని చెయ్యి. పొద్దున్నే, వాళ్ళు బండి స్టార్టు చెయ్యకముందే వెళ్ళు. వెళ్ళగానే బోనెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉందా, నువ్వొస్తున్నావని ముందే స్టార్టు చేసి పెట్టారు. డీజిల్ ఇంజను ముసలిదైతే చల్లగా ఉన్నప్పుడే దాని రోగం బయటపడుతుంది. ఒకసారి వేడెక్కాక చాలా జబ్బులు దాక్కుంటాయి. అలాంటప్పుడు గొడవ పడకు, "రేపొస్తాం, ఎవరూ ముట్టుకోకండి" అని చెప్పి వచ్చెయ్.

చల్లటి ఇంజను తాళం తిప్పగానే పెద్దగా బతిమాలించుకోకుండా అందుకోవాలి. వెనక నిలబడి పొగ చూడు. మొదట్లో కాస్త తెల్లగా వచ్చి పోతే పట్టించుకోనక్కర్లేదు. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నీళ్ళు లోపలికి దిగుతున్నాయేమోనని అనుమానించాలి. నీలం రంగు పొగ వస్తే ఇంజనాయిలు తాగేస్తోంది. నల్లగా దట్టంగా కక్కుతుంటే ఇంజెక్టర్లో, గాలి ఫిల్టరో, ఏదో ఒకటి తేడా. తర్వాత, ఇంజను ఆడుతుండగానే ఆయిలు పోసే మూత తీయించి, దాన్ని ఆ కన్నం మీదే బోర్లించి పెట్టమను. కాస్త కదలడం మామూలే. కుక్కర్ వెయిట్‌లా ఎగిరెగిరి పడి, లోపల నుంచి పొగ బుస్సుబుస్సుమని తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు అరిగిపోయినట్టు. ఆ రిపేరు ఖర్చు వింటే నీ ఆవకాయ ఘాటు నీకే ఎక్కుతుంది. ఆ మూత అడుగున మీగడలా తెల్లటి జిగురు పట్టి ఉంటే ఆయిల్లో నీళ్ళు కలిశాయేమో మెకానిక్‌ని గట్టిగా చూడమను. రేడియేటరు మూత మాత్రం చల్లగా ఉన్నప్పుడే తీయించు, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది.

అద్దం ముందు లైట్ల సంగతి ఒకటి చెప్పాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా అమ్మేవన్నీ బీఎస్-6 బళ్ళు. వీటిలో పొగని శుభ్రం చేసే సరంజామా ఎక్కువ, చెడితే ఖర్చూ ఎక్కువే. తాళం సగం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైట్లు వెలగాలి, ఇంజను అందుకున్నాక ఆరిపోవాలి. ఆరకపోతే జబ్బుంది. అసలు వెలగనే వెలగకపోతే, ఆ లైటు నోరు నొక్కేశారేమో చూసుకో.

మీటరు మాట నమ్మకు. రోజుకి వంద కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు వేసుకున్నా 30 వేలు. ఆరేళ్ళ బండంటే లక్షా ఎనభై వేలు తిరిగుండాలి. మీటరు చూస్తే 62 వేలు! అన్నం పెట్టే బండిని అంతసేపు ఇంట్లో కూర్చోబెట్టిన వాడెవడో కనుక్కోవద్దూ? క్లచ్చి పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగు పై పొర లేచిపోయి ఉంటే మీటరు వెనక్కి తిప్పారు. టైరు పక్కన చిన్న పెట్టెలో నాలుగంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. నాలుగు టైర్లూ స్టెప్నీ కలిపి చూడు. ఓనర్ని వెంటబెట్టుకుని కంపెనీ సర్వీసు సెంటరుకి వెళ్తే, బండి నంబరు కొట్టి ఏ సర్వీసుకి మీటరు ఎంతుందో చెప్పగలరు. రానని ఆయన మొహమాటపడితే నీకు జవాబు దొరికినట్టే.

మీది విజయవాడ కాబట్టి ఇంకో భయం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఎన్ని బళ్ళు మునిగాయో కళ్ళారా చూశావుగా. వాటిలో కొన్ని కడిగి, తుడిచి, సెంటు కొట్టి మళ్ళీ బజారుకి వచ్చుంటాయి. సీటు బెల్టు మొత్తం, చివరిదాకా లాగి చూడు. పైకి కనబడే మూరెడు శుభ్రంగా ఉంటుంది, లోపల చుట్టుకున్న భాగంలో బురద చార దాక్కుంటుంది. సీటు కింద బోల్టుల తుప్పు, ఫ్యూజుల పెట్టెలో ఇసుక, క్యాబిన్లో తడి గోనెసంచి వాసన... వీటిలో ఏ ఒక్కటి కనబడినా వద్దు. వైర్లు ఇవాళ కాకపోతే రేపు చచ్చిపోతాయి.

నడిపి చూడ్డం మీ మరిదికి అప్పజెప్పు గానీ నువ్వు పక్క సీట్లో కూర్చో. ఖాళీ బండి అందరి దగ్గరా బుద్ధిగానే ఉంటుంది. నాలుగు బస్తాలైనా ఎక్కించి, ఫ్లైఓవరు ఎక్కించండి. గేరు దానంతటదే జారిపోతోందా, బ్రేకు వేస్తే ఒక పక్కకి లాగుతోందా, వెనక హౌసింగులో ఏడుపు లాంటి కూత వస్తోందా వినండి. పాట పెడతానంటాడు అమ్మేవాడు. వద్దను. చివర్లో చదును నేల మీద, ముందు ఎవరూ లేకుండా చూసి, హ్యాండ్‌బ్రేకు లాగి, మూడో గేరులో క్లచ్చి మెల్లగా వదిలితే ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా రయ్‌మంటుంటే క్లచ్చి ప్లేటు పోయింది.

కాగితాలు నీకు నేను చెప్పాలా, డ్వాక్రా లెక్కలు రాసి రాసి ఆరితేరినదానివి. అయినా ఒకసారి. ఆర్‌సీలో ఫైనాన్సు పేరుంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు. ఫారం 29, 30 మీద ఓనరు నీ ఎదురుగా సంతకం పెట్టాలి, ఆయన పేరే ఆర్‌సీలో ఉండాలి. హైదరాబాద్ బండి చవకని కొంటావేమో, అది ఇప్పుడు మనకి వేరే రాష్ట్రం, అక్కడి ఆర్టీఏ ఎన్‌ఓసీ కూడా కావాలి. ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దు, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద రుద్దేవాళ్ళం చూడు, అలాగే. వచ్చిన అంకెలు ఆర్‌సీతో అక్షరం అక్షరం కలవాలి. ఎనిమిదేళ్ళ దాకా ఫిట్‌నెస్ రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా. ఫిట్‌నెస్ ఉందని ఎగిరి గంతేయకు, అది ఆ రోజు బ్రేకులూ లైట్లూ పనిచేశాయనే చెబుతుంది, ఇంజను ఆయుష్షు చెప్పదు. ఇన్సూరెన్సు కాగితంలో నో క్లెయిమ్ బోనస్ దగ్గర ఎంతుందో చూడు. ఏటా తప్పకుండా కట్టిన పాలసీలో అక్కడ సున్నా కనబడితే, కిందటేడు ఎందుకు క్లెయిమ్ చేశారో అడుగు. చలాన్లూ, పన్ను బాకీలూ కొన్నాక నీ నెత్తినే.

నీ ఎల్ఎంవీ లైసెన్సుతో ఇది నడపొచ్చా అన్నావు. మొత్తం బరువు 7500 కిలోల లోపు రవాణా బండికి అది చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది. మొత్తం బరువు 3000 కిలోలు దాటని గూడ్సు బండికి పర్మిట్ బాధ కూడా లేదు. ఆ అంకె ఆర్‌సీలోనే ఉంటుంది, చూసుకో.

బేరం దగ్గర వాళ్ళు నీతో కాకుండా మరిది మొహం చూసి మాట్లాడతారు. మాట్లాడనీ. నువ్వు చేతిలో పుస్తకం పెట్టుకుని కనబడిన లోపమల్లా రాసుకుంటూ పో. టైర్లు ఇంత, బ్యాటరీ ఇంత, కమాన్ బుష్‌లు ఇంత. చివర్లో ఆ కాగితం చింపి వాళ్ళ ముందు పెట్టు, నోరు అదే మూతపడుతుంది. మెకానిక్‌ని మన తరఫున తీసుకెళ్ళు, ఆయన కూలి ముందే ఇచ్చెయ్. బండి కొన్నా కొనకపోయినా అదే కూలి అని చెప్పు. లేకపోతే కమీషను ఎటు నుంచి వస్తే అటు తిరుగుతాడు.

రేపు ఆరింటికల్లా వెళ్తానన్నావుగా. టార్చిలైటూ, ఒక అయస్కాంతం ముక్కా బ్యాగులో వేసుకో. అయస్కాంతానికి గుడ్డ చుట్టి తలుపుల మీద ఆనించు, అంటుకోని చోట టింకరింగ్ చేసి పుట్టీ నింపారు. పాత దుప్పటి ఒకటి మర్చిపోకు, బండి కిందికి దూరాలి. శుక్రవారం కదా అని ఆ పట్టుచీర మాత్రం కట్టుకోకు తల్లీ, ఇంజనాయిలు మరక ఏ సబ్బుకీ పోదు.