నలుబది దాటిన తరువాత నేర్చిన ఈత

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



పౌలు ఎక్కిన ఓడ మెలితే ద్వీపము దగ్గర బ్రద్దలైన సంగతి మీరెరుగుదురు. ఈత వచ్చినవారు మొదట సముద్రములో దుమికిరి. తక్కినవారు పలకలను, ఓడ చెక్కలను పట్టుకొని దరి చేరిరి. ఓడలోనివారు 276 మంది, ఒక్కరును నశింపలేదు. ఈ భాగము చదివినప్పుడెల్ల మాకు సిగ్గు కలుగును. అక్కుపల్లి సముద్రపు హోరు వినుచు నిద్రపోవువారమై యుండియు మాకు ఈత రాదు. ఆ ఓడలో ఉండినయెడల మేము చెక్క పట్టుకొను గుంపులోనివారమే. నలుబది దాటినది గనుక ఇక రాదని నిశ్చయించుకొంటిమి. గోలి శ్యామలగారి సంగతి తెలిసిన తరువాత ఆ నిశ్చయము కొంచెము కదలినది.

ఆమెది కాకినాడ దగ్గరి సామర్లకోట. హైదరాబాదులో యానిమేషను చిత్రములు, అనగా కదలెడి బొమ్మల చిత్రములు, తీయుట ఆమె వృత్తి. ఆ పనిలో నష్టము వచ్చి మనస్సు క్రుంగియున్న దినములలో, నలుబది దాటిన వయస్సున, ఆమె ఈత కొలనులో దిగెను. అంతకుముందు నీళ్లన్న ఆమెకు భయమే. పందెములలో ఈదువారు చాలమంది ఆ వయస్సునకు ఎంతో ముందుగనే విరమించుకొందురు. ఈమె అప్పుడు మొదలుపెట్టినది.

కొలను నుండి ఆమె సముద్రమునకు వచ్చెను. శ్రీలంకకును మన దేశమునకును నడుమ పాక్ జలసంధి యున్నది. 1966లో మిహిర్ సేన్ అను బెంగాలీ ఈతగాడు దానిని 25 గంటలకు పైగా ఈది దాటెను. 2004లో బులా చౌదరి అను ఈతగత్తె దాటెను. 2012లో దానిని ఈదిన పోలీసు అధికారి రాజీవ్ త్రివేదిగారు శ్యామలగారికి మార్గము చూపిరి. 2020లో కరోనా వలన దేశమంతట ఈత కొలనులు మూతపడినవి. అయినను 2021 మార్చి 19న ఆమె తలైమన్నారు దగ్గర తెల్లవారకమునుపే నీళ్లలో దిగి, సుమారు 30 కిలోమీటర్లు ఈది, ధనుష్కోటి ఒడ్డున లేచెను. పట్టిన కాలము 13 గంటల 43 నిమిషములు. అప్పుడామె వయస్సు 47 ఏండ్లు.

ఆ లెక్కను మేము కాగితముమీద వేసి చూచితిమి. గంటకు రెండు కిలోమీటర్లకు కొంచెము పైన. మన తల్లులు నెత్తిమీద చేపల తట్ట పెట్టుకొని నడచు నడకలో సగమైనను లేదు! ఇది వేగముతో చేసిన పని కాదు. చేయి తరువాత చేయి వేయుచు, ఒడ్డు కనబడని చోట కూడ ఆపకుండుటయే అందులోని పని. ఉప్పునీరు మనిషిని తేల్చును గాని నోటిని పుండు చేయును, ఒరసుకొన్నచోట చర్మమును కోయును. ప్రక్కన పడవ వచ్చును. అందులోనివారు దారి చూపుదురు, త్రాగుటకు అందింతురు. అయితే ఈదువారు ఆ పడవను చేతితో పట్టుకొనరాదు. పట్టుకొన్నయెడల ఆ ఈత లెక్కకు రాదు. (యౌవనులారా, పడవ లేకుండ ఇట్టి సాహసము తలపెట్టవద్దు. మన తీరమున అల ఎట్లు లాగునో మీ తండ్రులను అడుగుడి.)

ఈ సంగతిని మేము 2021 ఎండకాలములో ఒక గృహకూటమిలో చెప్పితిమి. ఆ ఇంటి తల్లి విధవరాలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన ఉద్దానము మీద పడిన రాత్రి ఆమె కొబ్బరిచెట్లు, జీడిచెట్లు నేల కూలినవి. మూడేండ్లు కావచ్చినను ఆ నేలలో ఆమె ఏమియు నాటలేదు. అడిగినప్పుడెల్ల, "కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడతాది అయ్యగారూ. అప్పటికి నానుంటానా? నా పని అయిపోనాది" అనెడిది. నిజము చెప్పవలెనంటే ఆమెకు ఇయ్యదగిన జవాబు మాయొద్ద లేదు. ఓర్చుకొనుమని చెప్పి వచ్చెడివారము. చెట్లు పోయినవారితో ఆ మాట చెప్పుట చాల సులువు.

శ్యామలగారి సంగతి విని ఆ తల్లి వయస్సును గూర్చి ఏమియు అడుగలేదు. "పడవలోనోల్లు సెయ్యందించకూడదేటి?" అనెను. కూడదంటిమి. "మరి పడవెందుకు?" దారి తప్పకుండుటకు, ఆకలికి అందించుటకు, మునిగిపోవుచున్నయెడల పైకి లాగుటకు అంటిమి. ఆమె చాలసేపు ఊరకుండెను. తరువాత, "అయితే నీలు మొయ్యడానికి మనవడిని పిలుత్తాను. పాతడం నానే పాతుతాను" అనెను.

శ్యామలగారు అంతటితో ఆగలేదు. 2024 డిసెంబరు ఆఖరున విశాఖపట్టణపు రామకృష్ణా బీచిలో దిగి, దినమునకు కొంత చొప్పున మన బంగాళాఖాతములోనే ఈదుచు, 2025 జనవరి మొదటివారములో కాకినాడ చేరెను. దూరము 150 కిలోమీటర్లు. పుట్టిన ఊరి దగ్గరి తీరమునకే ఈదుకొని వచ్చినదన్నమాట. ఆ వార్తను ఆ తల్లికి చదివి వినిపింపబోతిమి. ఆమె తోటలో ఉండెను. ఆ 2021 వానలకు పండ్రెండు మొక్కలు నాటినది, మూడు ఎండిపోయినవి. ఎండినచోట మరల గోతులు తీయించుచు, "సదవండి అయ్యగారూ, ఇంటన్నాను" అనెను గాని పని ఆపలేదు.