సౌర గృహాలు కట్టే విద్యార్థి బృందాలకు: చేయవలసినవి, చేయకూడనివి

అమెరికా ఇంధన శాఖ నడిపిన సోలార్ డెకాథ్లాన్ పోటీ 2002లో వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్‌లో మొదలైంది. ఎండతో నడిచే ఇంటిని విద్యార్థులే కట్టి, విడదీసి, లారీల్లో తరలించి, పోటీ స్థలంలో మళ్లీ నిలబెట్టాల్సి ఉండేది. 2014లో ఐఐటీ బాంబే బృందం ‘టీమ్ శూన్య’ ఇలాంటి పోటీకే ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ వెళ్లింది. ఇంత పనిలో ఎదురుదెబ్బలు తప్పవు. వాటిని దాస్తేనే ప్రమాదం.

చేయవలసినవి

• పొరపాట్ల రిజిస్టరు పెట్టండి. కాలిన ఫ్యూజు, వదులైన బోల్టు, తృటిలో తప్పిన ప్రమాదం, ఏదైనా ఆ రోజే రాయండి.

• పాత రిజిస్టరును కొత్త బృందం చేత పని మొదలయ్యే ముందే చదివించండి. సీనియర్లు పాసై వెళ్లాక చెప్పేవారుండరు.

• వెలుతురు పడుతున్నంతసేపూ ప్యానెల్‌లో కరెంటు ఉందనే అనుకోండి. ఒక్కోటి 40 వోల్టులిచ్చే ప్యానెళ్లను పదింటిని వరుసగా కలిపితే 400 వోల్టులు. ప్రాణం తీయడానికి అది చాలు.

• డీసీ కనెక్టర్ విప్పే ముందు ఇన్వర్టర్ ఆపండి, ఐసోలేటర్ కట్టేయండి, కరెంటు పారడం లేదని క్లాంప్ మీటర్‌తో చూసుకోండి.

• పైకప్పు ఎక్కే ప్రతి ఒక్కరికీ హెల్మెట్, హార్నెస్ తొడిగించండి. హార్నెస్ తాడును గట్టి ఆధారానికే కట్టండి.

• లెడ్ యాసిడ్ బ్యాటరీలున్న గదికి గాలి ఆడేలా చూడండి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది.

• మబ్బు రోజులకూ లెక్క వేసుకోండి. 2005 పోటీలో వాన, మబ్బు పట్టుకున్నాయి. అప్పటి ఇళ్లకు గ్రిడ్ లేదు. బ్యాటరీలో మిగిలినదాన్నే పొదుపుగా వాడుకోవాల్సి వచ్చింది. ఇళ్లను గ్రిడ్‌కు కలిపింది 2009లోనే.

• ఇంటిని కాలేజీలోనే ఒకసారి పూర్తిగా విప్పి, మళ్లీ బిగించి చూడండి.

• “ఆపండి” అనే హక్కు మొదటి సంవత్సరం విద్యార్థికీ ఇవ్వండి.

చేయకూడనివి

• లోడు ఉండగా కనెక్టర్ లాగవద్దు; డీసీ ఆర్క్ ఏసీలా సులువుగా ఆరదు.

• వేర్వేరు కంపెనీల కనెక్టర్లను, సరిగ్గా ఇమిడినట్టు కనిపించినా, జత చేయవద్దు, వేడెక్కి అంటుకుంటాయి.

• డీసీ లైనులో ఏసీ బ్రేకరు పెట్టవద్దు.

• కాలిన ఫ్యూజు చోట తీగ చుట్టవద్దు. ఎందుకు కాలిందో తెలిసేదాకా లైను కలపవద్దు.

• గాలి వీస్తుండగా ప్యానెల్ ఎత్తవద్దు. తెరచాపలా మనిషిని లాక్కెళ్తుంది.

• క్రేన్ ఎత్తిన గోడ కింద నిలబడవద్దు, క్షణమైనా సరే.

• నిద్ర లేనివారిని నిచ్చెన ఎక్కించవద్దు. గడువు దగ్గరపడ్డప్పుడు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

• చివరి రాత్రి వైరింగ్ మార్చవద్దు.

• షాక్ తగిలినవారిని చేత్తో పట్టుకోవద్దు; ముందు సరఫరా ఆపి, వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేయండి. మన రాష్ట్రాల్లో నంబరు 108.

• పొరపాటు చేసినవారిని నలుగురిలో నిందించవద్దు. మరోసారి జరిగితే మీకు చెప్పరు.

అధ్యాపకులకు విజ్ఞప్తి: ఇల్లు సురక్షితంగా లేదని బృందం పోటీ నుంచి తప్పుకుంటానంటే అడ్డు చెప్పకండి. మార్కులు పోయినా మళ్లీ పోటీలుంటాయి. పైకప్పు మీద ఉన్నది మీ పిల్లలు.