మెట్ల మలుపులో ఐదు క్యాన్లు

చెల్లీ, చేతిలో పని కాస్త పక్కన పెట్టి ఒక్కసారి మీ వంటింటివైపు చూడు. ఇరవై లీటర్ల మంచినీళ్ళ టిన్ను ఎక్కడుంది? ఫ్రిజ్ పక్కన, స్టాండు మీద, అంతే కదూ! మా ఇంట్లోనూ అక్కడే ఉండేది, 2024 సెప్టెంబరు 1 ఆదివారం పొద్దున్న దాకా.

మాది విజయవాడ సింగ్‌నగర్, కింద వాటా. శనివారమంతా వాన కురుస్తూనే ఉంది. బుడమేరు వాగు పొంగుతుందన్న మాట చిన్నప్పట్నుంచీ వింటున్నదే కాబట్టి ఈసారీ వీధిలోకొచ్చి వెళ్ళిపోతుందనుకున్నాం. తెల్లారేసరికి హాల్లో మోకాలి లోతు నీళ్ళు! చిన్నదాన్ని, అత్తయ్యని పైవాటాకి పంపి మా ఆయన ముందుగా ఆ టిన్నునే ఎత్తుకున్నారు. నిండు టిన్నంటే ఇరవై కిలోల పైమాటే. మెట్లు తడిసి జారుతున్నాయి. నాలుగో మెట్టు మీద కాలు జారింది. టిన్ను పగిలి, ఉన్న మంచినీళ్ళన్నీ బురదనీళ్ళలో కలిసిపోయాయి. మనిషికి దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. కానీ పైకి చేరాక లెక్క చూసుకుంటే, రెండు కుటుంబాలకీ కలిపి మిగిలినవి మూడు సీసాల నీళ్ళు, అత్తయ్య మరచెంబు. ఏడుగురం.

ఆ తర్వాత జరిగింది లోకమంతా టీవీలో చూసింది. కవులూరు, శాంతినగర్ దగ్గర బుడమేరుకి మూడు గండ్లు. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది, బ్యారేజీ ఎన్నడూ చూడనంత వరద. రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ, అన్నీ చెరువులే. సైన్యం కూడా దిగి చివరి గండి పూడ్చేసరికి సెప్టెంబరు 7, వినాయక చవితి రోజు. మా వీధికి పడవ మూడో రోజు పొద్దున్న వచ్చింది. తర్వాత డ్రోన్లు డాబాల మీదకి అన్నం పొట్లాలూ నీళ్ళ సీసాలూ దించాయి. కరెంటు లేదు, మోటారు లేదు. పైన సింటెక్స్ ట్యాంకులో అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు. శనివారం రాత్రి ఒక్క పావుగంట మోటారు వేసుంటే నిండేది. ఆ పావుగంట నాకింకా గుర్తొస్తూనే ఉంటుంది. అందుకే చెల్లీ, వాన ముదిరిందంటే ముందు చేయాల్సిన పని అదే. కరెంటు ఉండగానే పైట్యాంకు నింపెయ్. కింద సంపు ఉంటే దాన్ని నమ్ముకోకు, వరదనీరు ముందు దూరేది అందులోకే.

రెండో రోజు నుంచి వాననీళ్ళు పట్టుకున్నాం. డాబా మీద ఉతికిన చీర కట్టి, దాని కింద పెద్ద ప్లాస్టిక్ టబ్బు పెట్టాం. పైవాళ్ళ గ్యాస్ పొయ్యి మీద కాచి, చల్లార్చి, మళ్ళీ ఆ టబ్బులోనే పోశాం. దప్పికేసినవాళ్ళు గ్లాసు ముంచుకుని తాగారు. పిల్లలు మణికట్టు దాకా ముంచారు. నాలుగో రోజుకి మా చిన్నదానికి విరేచనాలు. ఓఆర్ఎస్ పొట్లాలు ఇంట్లో ఉన్నాయి కాబట్టి గట్టెక్కాం. కాచిన నీళ్ళకి ఏమైందని నేను తల బద్దలుకొట్టుకుంటుంటే అత్తయ్య అన్నారు: "నీళ్ళకేం కాలేదే అమ్మాయ్, చేతులు పెట్టాంగా."

నేను నీకు చెప్పాలనుకున్న ముచ్చట ఇదే. నీళ్ళు ఎన్నున్నాయన్నది ఎంత ముఖ్యమో, ఏ పాత్రలో ఉన్నాయన్నదీ అంతే ముఖ్యం. చెయ్యి దూరని మూతి, బిగుతు మూత, వంచడానికో తిప్పడానికో వీలు, ఒక్క మనిషి మోయగల బరువు. అత్తయ్య మరచెంబులో ఇవన్నీ ఉన్నాయి చూడు. సన్నని మెడ, మర తిప్పితే చుక్క కారని మూత, పట్టుకోవడానికి పిడి. మన పెద్దవాళ్ళు కాశీకో తిరుపతికో రైలెక్కితే ఇత్తడి మరచెంబు లేకుండా కదిలేవాళ్ళు కాదు. ఇవాళ క్షేమంగా నీళ్ళు దాచడం గురించి ఆరోగ్య సంస్థలు చెప్పే మాటలు అవే: సన్నమూతి, గట్టి మూత, వీలైతే కుళాయి.

అత్తయ్యది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆవిడ పెళ్ళికాని పిల్ల. బావుల్లో, చెరువుల్లో సముద్రం వచ్చి చేరింది. కూలిన కొబ్బరిచెట్ల బొండాలు కొట్టుకుని రెండు రోజులు బతికామని చెప్తారు. ఆ ఉప్పెన వేల ప్రాణాలు తీసుకుపోయింది. అప్పట్నుంచీ ఆవిడ మరచెంబు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. పొద్దున్నే పాతనీళ్ళు తులసికోటలో పోసి కొత్తవి నింపుతారు. కాపురానికొచ్చిన కొత్తలో అది చాదస్తమనుకున్నాను. ఆ ఆదివారం రాత్రి అందులో నీళ్ళే చిన్నదాని గొంతు తడిపాయి.

సరే, ఇప్పుడు బజారు సంగతి చెప్తా. నీళ్ళు తగ్గి ఇల్లు కడుక్కున్నాక నేను మొదట కొన్నవి పది లీటర్ల క్యాన్లు, ఐదు. లెక్క చాలా తేలిక. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి కనీసం నాలుగు లీటర్లు. మేం నలుగురం, మూడు రోజులకి నలభై ఎనిమిది లీటర్లు. మా అనుభవం చూశాక మూడు రోజులు చాలవంటాను గానీ, మొదలంటూ అక్కడ పెట్టు. ఇరవై లీటర్లవి కొంటే చవక పడుతుంది, నిజమే. కానీ నిండుగా ఉన్నదాన్ని మీ అత్తగారు ఎత్తగలరా? నువ్వు నెలలు నిండి ఉంటే ఎత్తగలవా? పదిదైతే చేతికొకటి పట్టుకుని మెట్లెక్కచ్చు.

నలుచదరంగా ఉండే క్యానుకి ఇంకో సుఖం ఉంది, గోడవారగా పక్కపక్కన ఒదుగుతుంది. ఈ ఆకారానికి పెద్ద కథే ఉందట. 1930లలో జర్మన్ సైన్యం పెట్రోలు మోయడానికి ఇరవై లీటర్ల రేకు డబ్బా తయారు చేయించింది. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్ని చూసిన ఇంగ్లీషు సైనికులు తామూ అలాంటివే చేయించుకున్నారు. జర్మన్లని వాళ్ళు 'జెర్రీ'లనేవాళ్ళు, అందుకే అది జెర్రీక్యాన్ అయింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ శరణార్థుల శిబిరం చూసినా ఆడవాళ్ళ చేతుల్లో కనిపించేది దాని ప్లాస్టిక్ చెల్లెలే.

కొనేటప్పుడు క్యాను తిరగేసి అడుగున చూడు. మూడు బాణాల ముక్కోణంలో అంకె ఉంటుంది. 2 గానీ 5 గానీ అయితే మంచినీళ్ళకి వాడే రకం ప్లాస్టిక్కే. అయినా అంకె ఒక్కటే చాలదు, ఆహార పదార్థాలకి పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసుకో. గాజులా లోపలికి కనబడేదాని కంటే వెలుతురు దూరని నీలం రంగుది నయం. వెలుగు తగిలితే లోపల పాచి కడుతుంది. ఇంటికి తెచ్చాక నీళ్ళు నింపి, మూత బిగించి, రాత్రంతా పాత పేపరు మీద పడుకోబెట్టు. పొద్దున్నకి పేపరు తడిసిందా, మూతలో వాసరు సరిగ్గా లేనట్టే. వెంటనే వెనక్కిచ్చెయ్. కుళాయి ఉన్న క్యానుకి ఆ కుళాయి దగ్గరే ముందు కారుతుంది, ఒక వాసరు అదనంగా దాచుకో.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నాను, అక్కగా. రోడ్డు పక్కన చవగ్గా అమ్మే వాడేసిన నీలం డ్రమ్ములు మంచినీళ్ళకి కొనకు. అందులో ముందు యాసిడ్ పోశారో, రంగు పోశారో, పురుగుమందు పోశారో నీకు తెలీదు. ప్లాస్టిక్ ఒకసారి పీల్చుకున్నది ఎన్ని సబ్బులు పెట్టినా వదలదు. బట్టలుతకడానికైనా వద్దంటాను, పిల్లలున్న ఇంట్లో ఎవరు ఎందులోంచి ముంచుకుంటారో మనం కాపలా కాయలేం.

డబ్బుల్లేవంటావా, పైసా ఖర్చు లేని దారుంది. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలు పారేయకు. గట్టి ప్లాస్టిక్, బిగుతు మూత, సన్నమూతి. బాగా కడిగి నింపుకుంటే ఐదు సీసాలు ఒక క్యానుతో సమానం, పిల్లలు కూడా మోస్తారు. పాల సీసాలు, పండ్లరసం సీసాలు మాత్రం వద్దు, వాటి మడ్డి పూర్తిగా పోదు.

ఏ పాత్రైనా నింపేముందు సబ్బుతో కడిగి, లీటరు నీళ్ళలో ఒక చెంచా సువాసనలు కలపని బ్లీచింగ్ ద్రావణం కలిపి లోపలంతా తగిలేట్టు ఆడించి, పారబోసి, మంచినీళ్ళతో తొలిచెయ్. ఇక ఏ నీళ్ళు నింపాలి? ప్లాంటు నీళ్ళు శుభ్రమే కదా అనుకుంటాం. కానీ ఆ నీళ్ళలో క్లోరిన్ మిగలదు, నిలవుంటే తొందరగా పాడవుతాయి. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళలో కాస్త క్లోరిన్ ఉంటుంది కాబట్టి దాచుకోవడానికి అవే నయం, తాగేముందు కాచుకుంటే సరి. నేను నెలకోసారి మారుస్తాను, పాతవి మొక్కలకి. కిరసనాయిలు, పెట్రోలు, ఫినాయిలు ఉన్నచోట మాత్రం పెట్టకు, ఆ వాసన ప్లాస్టిక్‌లోంచి నీళ్ళకి పాకుతుంది.

క్లోరిన్ మాత్రలు కూడా ఒక పట్టీ దగ్గరుంచుకో. ఎన్ని లీటర్లకి ఒకటో పట్టీ మీదే ఉంటుంది, వేశాక అరగంట ఆగాలి. బురదగా ఉంటే ముందు పటిక తిప్పి, తేరాక గుడ్డలో వడకట్టి, ఆ తర్వాత మాత్ర. వరదనీళ్ళలో తేలివచ్చిన సీసా సీలు ఊడకపోయినా, పైన సబ్బుతో కడగనిదే మూత తియ్యకు.

మడత క్యాన్లని కొత్తగా వస్తున్నాయి, ఖాళీ అయితే అప్పడంలా అణిగిపోతాయి. కార్తీకంలో కొండపల్లి ఖిల్లా దగ్గర వనభోజనాలకి, మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్ళినప్పుడు అవి చాలా హాయి. హంసలదీవి సాగరసంగమం దగ్గర చుట్టూ ఉప్పునీళ్ళే, తాగే నీళ్ళు ఇంటి నుంచే పట్టుకెళ్ళాలి. మడత క్యానుని చెట్టుకొమ్మకి వేలాడదీస్తే చేతులు కడుక్కోవడానికి కుళాయి దొరికినట్టే. కానీ మడత పడ్డచోట తొందరగా చిట్లుతాయి. నెలల తరబడి నిలవకి వాటిని నమ్మకు.

మా ఐదు క్యాన్లూ ఇప్పుడు మెట్ల మలుపులో ఉన్నాయి, ఎండ తగలనిచోట, నడుమెత్తు గోడ మీద. అటక మీద ఎందుకు పెట్టలేదంటే, అంత బరువు అర్ధరాత్రి దింపలేం. పైవాటా ఆవిడతో మాట్లాడుకున్నాం, నీళ్ళొస్తే క్యాన్లు మావి, పొయ్యి వాళ్ళది. తుపానులు మన తీరానికి ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ లోపు ఒక ఆదివారం చూసుకుని, రెండు క్యాన్లయినా నింపి మూత బిగించు చెల్లీ. కింద వాటాలో ఉండే మీ పక్కింటావిడకి కూడా ఈ మాట చెప్పు.