పాత బస్సు - కొత్త పఠన మందిరము
తుప్పును, కిటికీల కారుడును బాగుచేయు విధానము

పుస్తకము పాఠకుని వాకిటికే పోవలెనను తలపు మన దేశమునకు కొత్తది కాదు. 1931లో తమిళనాట మన్నారుగుడి పరిసర గ్రామములకు గ్రంథములు ఎద్దుబండిపై వెళ్లినవి. 1935లో పాతూరి నాగభూషణంగారి కృషివలన ఆంధ్రదేశమున కాలువపై పడవ గ్రంథాలయము నడచినది. బండియు పడవయు చేసిన పనిని నేడు పాత బస్సు చేయగలదు. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ బస్సులను పరీక్షా కేంద్రములుగా మార్చి ఊరూరికి పంపిరి. అదే సంవత్సరమున బెంగుళూరులో ఒక పాత బస్సును స్త్రీల మరుగుదొడ్డిగా మార్చిరి. 2022లో కేరళ ప్రభుత్వము పాత బస్సులను తరగతి గదులుగా మార్చుటకు పూనుకొన్నది.

ఒక గ్రామమున యువజనులు చందాలు వేసికొని, పనికిరాదని పక్కన పెట్టిన పాఠశాల బస్సునొకదానిని కొని, బడి ఆవరణలో నిలిపి, పిల్లలకు పఠన మందిరముగా మార్చదలచిరనుకొందము. లోపల బల్లలు అమర్చిరి. గోడలకు చెక్క తొడుగు వేసిరి. వెలుపల పసుపుపచ్చని రంగు పూసిరి. పుస్తకములు చేర్చి ప్రారంభోత్సవము చేసిరి. తొలకరి వానలు రెండు పడినంతనే కిటికీ క్రింది అరలోని పుస్తకములు తడిసి ఉబ్బినవి. రెండవ ఏట నేలపై ఒక పిల్లవాని కాలు పలకలోనికి దిగినది. అలకగానే పండుగ కాదని పెద్దలు ఊరక అనలేదు. ఇట్టి నష్టము రాకుండుటకు పని ఏ వరుసలో చేయవలెనో ఈ పాఠమున తెలిసికొందము.

తుప్పు ఏల పుట్టును?

ఇనుము గాలిలోని ఆక్సిజనుతోను, నీటితోను కలిసి తుప్పుగా మారును. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకున్నను తుప్పు పుట్టదు. గాలిని మనము ఆపలేము గనుక నీటిని ఆపుటయే మన చేతిలోని ఉపాయము. ఉప్పు చేరినచో ఈ మార్పు మరింత వేగముగా జరుగును. సముద్రతీర గ్రామములలో ఇనుప గేట్లు త్వరగా చెడిపోవుటకు కారణమిదియే.

తుప్పునకు ఇంకొక దుర్గుణము కలదు. అది తాను తినివేసిన ఇనుముకన్న అనేక రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచేత పైనున్న రంగును పొక్కువలె పైకెత్తి పగులగొట్టును. ఆ పగులులో మరల నీరు నిలిచి తుప్పు మరింత లోనికి దిగును. కనుక తుప్పుపై నేరుగా రంగు పూయుట పుండును కడుగక కట్టు కట్టుటవంటిది. పైకి అందముగా కనిపించును, లోపల చెడుపు సాగుచునే యుండును.

కొనుటకు పూర్వము చూడవలసినవి

బస్సు ఇంజను నడచునా లేదా యని మాత్రమే చూచి మోసపోరాదు. ఒకచోట నిలిపి వాడుకొను బస్సునకు ఇంజనుకన్న ఎముకల గూడు ముఖ్యము. ఒక చిన్న సుత్తి, ఒక పాత స్క్రూడ్రైవరు, ఒక టార్చిలైటు తీసికొని పోవలెను. ఎక్కు మెట్ల అడుగు, చక్రములపై కప్పిన రేకులు, బ్యాటరీ పెట్టె చుట్టును, వెనుక బల్ల క్రింద, ప్రతి కిటికీ క్రింది మూలలు - ఇవి నీరు నిలుచు తావులు. సుత్తితో మెల్లగా తట్టినప్పుడు మంచి ఇనుము ఖంగుమనును. తినివేయబడిన ఇనుము బొంగురుగా పలుకును. స్క్రూడ్రైవరు మొన నొక్కగానే లోనికి దిగినచో అచట రేకు పోయినదని నిశ్చయింపవలెను.

కేవలము పై రేకులు పోయినచో మార్చుకొనవచ్చును. కాని అడుగున నిలువునా సాగు రెండు పెద్ద చాసిస్ దూలములును, పైకప్పును మోయు స్తంభములును పొరలు పొరలుగా ఊడుచున్నచో అట్టి బస్సు ఎంత చౌకగా వచ్చినను విడిచిపెట్టుటయే మేలు. సందేహమున్నచో అనుభవజ్ఞుడైన బాడీ మేస్త్రీకి చూపవలెను. పిల్లలు కూర్చుండు చోటు విషయమున ఊహపై ఆధారపడరాదు.

నీటి దారిని కనిపెట్టుట

తడి కనిపించిన చోటనే చిల్లు ఉండునని అనుకొనుట పొరపాటు. పైకప్పు అతుకులో జొరబడిన నీరు స్తంభము వెంట దిగివచ్చి కిటికీ మూలలో కారవచ్చును. అప్పుడు కిటికీని ఎంత బిగించినను ఫలము లేదు. అందుచేత ముందుగా పరీక్ష చేయవలెను.

లోపలి తొడుగులను ఊడదీసి, ప్రతి కిటికీ గడపపై పొడి ముగ్గు పలుచగా చల్లవలెను. ఒకరు లోపల సుద్దముక్కతో నిలువవలెను. మరియొకరు వెలుపలనుండి గొట్టముతో నీరు మెల్లగా పారించవలెను. నీటిని మొదట కిటికీ క్రింది అంచుపై ఐదు నిమిషములు పోసి, తరువాత ప్రక్కలకు, ఆపై పై అంచునకు, చివరకు పైకప్పు అతుకులకు పోవలెను. క్రిందినుండి పైకి పోవుటలోని రహస్యమేమనగా, పైనుండి మొదలిడినచో అన్ని తావులును ఒక్కసారి తడిసి, ఏది చిల్లో తెలియదు. ముగ్గుపై నీటి చార కనిపించినంతనే లోపలివారు అచట సుద్దతో గుర్తు పెట్టవలెను. పైకప్పుపై సామాను కమ్మీలు బిగించిన బోల్టులను, గాలి గూళ్లను, రివెట్ల వరుసలను మరువరాదు.

కిటికీలను విప్పుట

జరుపు అద్దముల కిటికీలకు క్రింది గాడిలో నీరు వెలుపలికి పోవుటకు చిన్న రంధ్రములుండును. ఏండ్ల తరబడి దుమ్ము చేరి అవి పూడిపోవును. అప్పుడు గాడి నిండి నీరు లోనికి పొర్లును. పలుమారు కారుడుకు కారణమింతే. సన్నని తీగతో ఆ రంధ్రములను పొడిచి శుభ్రపరచి మరల నీరు పోసి చూడవలెను. ఇందుకు పైసా ఖర్చు లేదు.

అప్పటికిని కారుచున్నచో అద్దపు చట్రమును పూర్తిగా విప్పవలసినదే. పాత రబ్బరు బీడింగు ఎండకు గట్టిపడి పగిలియుండును. దానిపై సీలంటు పూసి సరిపెట్టుట తాత్కాలికమే. చట్రము తీసినప్పుడు దాని చాటున మనమెన్నడును చూడని తుప్పు బయటపడును. దానిని బాగుచేసి, రంగు పూసి, ఆరిన తరువాతనే కిటికీని మరల బిగింపవలెను. ఈ వరుస తప్పినచో చేసిన పనినే రెండుసార్లు చేయవలసివచ్చును.

తుప్పు మూడు తరగతులు

మొదటిది పైపై తుప్పు. వ్రేలితో రుద్దిన ఎర్రని పొడి అంటును గాని రేకు గట్టిగా నుండును. ఇనుప బ్రష్షుతోను, ఎమెరీ కాగితముతోను రుద్ది, మెరయు లోహము కనిపించువరకు శుభ్రపరచిన చాలును.

రెండవది గుంటలు పడిన తుప్పు. పొరలను ఉలితో చెక్కి, గ్రైండరునకు తీగ బ్రష్షు తగిలించి శుభ్రము చేయవలెను. గుంటల లోపల మిగిలిన తుప్పునకు ఫాస్ఫారిక్ ఆమ్లము గాని, టానిన్ గాని గల ద్రవమును డబ్బాపై చెప్పిన రీతిగా పూయవలెను. టానిన్ తగిలిన తుప్పు నల్లని గట్టి పదార్థముగా మారును. ఇది మనకు తెలియని విద్య కాదు. కలంకారీ పనివారు కరక్కాయ కషాయములో ముంచిన బట్టపై ఇనుప తుప్పును బెల్లముతో ఊరవేసిన నీటితో గీతలు గీయగా నలుపు పుట్టుచున్నది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలియుటయే ఆ నలుపునకు మూలము. అయితే ఈ ద్రవములు సన్నని తుప్పునే మార్చగలవు. పొరలుగా ఊడు తుప్పుపై పూసిన ప్రయోజనముండదు.

మూడవది చిల్లు పడిన తుప్పు. ఇచట పుట్టీ నింపి రంగు పూయుట ఆత్మవంచన. మంచి లోహము తగులువరకు చుట్టును కత్తిరించి, అదే మందము గల కొత్త రేకు ముక్కను వెల్డింగు చేయవలెను, లేదా సీలంటు నడుమ పెట్టి రివెట్లతో బిగింపవలెను. జింకు పూత గల రేకు మేలైనది. పూత ఒకచోట గీచుకొనిపోయినను జింకు తాను ముందుగా కరగి ఇనుమును కాపాడును. అల్యూమినియం రేకును ఇనుప చట్రముపై నేరుగా బిగింపరాదు. రెండు లోహముల నడుమ తడి నిలిచినచో అల్యూమినియం తినివేయబడును. నడుమ రంగు పూతయో సీలంటు పట్టీయో ఉండవలెను.

పూతలు, బిగింపు

శుభ్రపరచిన ఇనుమును థిన్నరు తడిపిన గుడ్డతో తుడిచి, ఆనాడే ప్రైమరు పూయవలెను. రాత్రి మంచుకు వదలినచో తెల్లవారునప్పటికి మరల ఎర్రబారును. మన ఊళ్లలో రెడాక్సైడు వాడుక ఎక్కువ. జింకు ఫాస్ఫేటు కలిసిన ప్రైమరు తుప్పును మరింత బాగుగా అడ్డగించును. అంచులకు, వెల్డింగు అతుకులకు ముందుగా కుంచెతో ఒక పూత విడిగా ఇచ్చి, తరువాత అంతటికి రెండు పూతలు వేయవలెను. అటుపిమ్మట ఎనామెల్ రంగు రెండు పూతలు చాలును. ఉదయము మంచు ఆరిన తరువాత పని మొదలిడవలెను. మిట్టమధ్యాహ్నము కాలుచున్న రేకుపై పూసిన రంగు సరిగా అంటదు.

కిటికీలకు కొత్త రబ్బరు వేసి, చట్రము వెనుక బ్యూటైల్ పట్టీ గాని, పాలీయురేథేన్ సీలంటు గాని తెగకుండ ఒకే వరుసగా వేసి బిగింపవలెను. పులిసిన వాసన వచ్చు సిలికాన్ సీలంటును ఇనుముపై వాడరాదు. అది ఆరునప్పుడు వెలువడు ఆమ్లము ఇనుమును తినును. పైగా సిలికానుపై రంగు అంటదు. క్రింది గాడి రంధ్రములను మాత్రము సీలంటుతో మూయరాదు. నీటికి వచ్చు దారి మూసి, పోవు దారి తెరచియుంచుటయే ఈ విద్య సారము.

సీలంటు పూర్తిగా గట్టిపడిన తరువాత ముగ్గు పరీక్షను మరల చేయవలెను. ముగ్గు పొడిగా నిలిచిననాడే లోపలి చెక్క తొడుగు, బల్లలు, పుస్తకముల అరలు అమర్చుటకు పూనుకొనవలెను. తొడుగునకు రేకునకు నడుమ గాలి ఆడు సందు కొంచెము విడువవలెను.

ప్రాణరక్షణ

జాకీ ఒక్కదానిపై నిలిపిన బస్సు క్రిందికి ఎన్నడును దూరరాదు. గట్టి దిమ్మెలు పెట్టి, చక్రములకు అడ్డులు వేయవలెను. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పి, డీజిలు టాంకును తొలగించి, ఇసుక బకెట్లు దగ్గర ఉంచుకొనవలెను. జింకు రేకును వెల్డింగు చేయునప్పుడు వెలువడు పొగ జ్వరము తెప్పించును గనుక, అతుకు వద్ద జింకును గీకివేసి, గాలి ఆడు చోట చేయవలెను. పాత రంగులలో సీసముండవచ్చును. వాటిని పొడిగా గీకక, నీటితో తడిపి గీకి, ఆ పొడిని పిల్లలకు, పశువులకు అందకుండ ప్రోగుచేయవలెను. ముక్కుకు మాస్కు, కంటికి అద్దములు తప్పనిసరి. బస్సును రోడ్డుపై నడుపదలచినచో 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, మార్పులు చేయుటకు ముందే రవాణా శాఖవారి అనుమతి పొందవలెను.

ఏటేటా ఒక దినము

పని ముగిసినదని మరువరాదు. ఏటేటా మృగశిర కార్తెకు ముందు ఒక దినము కేటాయించి, గాడి రంధ్రములు పొడిచి, రబ్బరులు చూచి, పొక్కిన రంగును గీకి ప్రైమరు పూయవలెను. బడి పిల్లలకే ముగ్గు పరీక్ష నేర్పి, ఏ కిటికీ కారినదో ఒక పుస్తకమున వ్రాయించినచో అదియే వారికి విజ్ఞాన పాఠమగును.

పైపూతకై తొందరపడిన గ్రామము రెండేండ్లలో బస్సును పాత ఇనుమునకు అమ్ముకొనును. నీటి దారిని ముందుగా వెదకిన గ్రామమున నేడు అక్షరములు దిద్దు పిల్లలు, పెద్ద తరగతులకు వచ్చిన పిమ్మటను, అదే కిటికీ ప్రక్కన కూర్చుండి, వెలుపల వాన కురియుచుండగా, పొడి పుటలు త్రిప్పుకొనుచుందురు.