ఎగరని రోజుల పుస్తకం

1982 ఆగస్టులో తణుకు నుంచి బయల్దేరి, అమెరికా ఉత్తర భాగాన నార్త్ డకోటా రాష్ట్రంలోని గ్రాండ్ ఫోర్క్స్ అనే ఊళ్ళో దిగాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. భీమవరంలో బీఎస్సీ అయింది. నన్ను పంపడానికి మా నాన్నగారు నాలుగెకరాల మాగాణి అమ్మారు. అక్కడి విశ్వవిద్యాలయంలో 1968లో జాన్ ఒడెగార్డ్ మొదలుపెట్టిన విమానయాన విభాగంలో చేరాను. నాలుగేళ్ళ డిగ్రీ చదువుతూనే పైలట్ లైసెన్సులన్నీ సంపాదించుకునే పద్ధతి అది. తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రయాణికుల విమానాలు నడిపి, అరవై అయిదు నిండి దిగిపోయాను. ఇప్పుడు వారానికి ఒకరిద్దరు పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు మా ఇంటికి వచ్చి ఈ చదువు గురించి అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. భూమి అమ్మే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

నేను హైదరాబాదులో పాఠాలు చెప్పిన రోజుల్లో ఒక కుర్రవాడు వచ్చాడు. బ్యాంకు అప్పు తీసుకుని అప్పటికే ఏడాది చదివాడు. రంగుల పరీక్షలో ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదని తేలింది. పుట్టుకతో వచ్చిన లోపం, మందు లేదు. మొదటి రోజే పరీక్ష చేయించి ఉంటే ఆ కుటుంబానికి అంత అప్పు మిగిలేది కాదు. మన దేశంలో ముందు క్లాస్ టూ, ఆ తర్వాత క్లాస్ వన్ వైద్య పరీక్ష ఉంటాయి. ఉద్యోగంగా ఎగరాలంటే క్లాస్ వన్ తప్పనిసరి. గుండె, చెవులు, చూపు, రంగులు, రక్తపోటు అన్నీ చూస్తారు. కళ్ళజోడు ఉన్నంత మాత్రాన భయపడక్కర్లేదు, అద్దాలతో చూపు సరిపోతే ఒప్పుకుంటారు. విదేశానికి పంపదలచినా సరే, ఏదో ఒక రోజు ఇక్కడికి తిరిగి రావాలనే ఆలోచన ఉంటే ఇక్కడి క్లాస్ వన్ చేతికి వచ్చాకే ఫీజు కట్టండి. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదవనివాళ్ళు ఆ రెండూ ఓపెన్ స్కూల్లో రాసి వచ్చిన సందర్భాలు నాకు తెలుసు. దానికి దారి ఉంది. రంగులు కనబడకపోతే దారి లేదు.

2. ఫీజుల కాగితంలో రెండు లెక్కలుంటాయి, రెండోది ముగిసే లెక్క కాదు.

కాలేజీ ఫీజు ఒక లెక్క, విమానం ఎక్కినందుకు కట్టేది వేరే లెక్క. ఇంజను తిరుగుతున్నంతసేపూ గంటల మీటరు తిరుగుతుంది. రన్‌వే చివర వంతు కోసం ఆగినా తిరుగుతుంది. అమెరికాలో ప్రైవేటు లైసెన్సుకు చట్టం అడిగేది 40 గంటలు, ప్రభుత్వ ఆమోదం ఉన్న విశ్వవిద్యాలయ కోర్సులో అయితే 35. అంతలో పూర్తి చేసినవాళ్ళను నేను చాలా తక్కువ మందిని చూశాను. ఎక్కువైన ప్రతి గంటకూ డబ్బు కట్టాలి.

ఆ గంటలు తగ్గించుకునే ఉపాయం ఒక్కటే నాకు తెలుసు, అది ఉచితం. హాస్టల్ గదిలో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. ఎదురుగా గోడ మీద అట్టముక్కపై గీసిన మీటర్లు, చేతిలో కర్ర స్కేలు. రేపటి పాఠం మొత్తం నోటితో చెప్పుకుంటూ, చేతులూ కాళ్ళూ కదుపుతూ ఎగిరేవాణ్ణి. రేడియోలో టవర్‌తో ఏమనాలో కూడా గట్టిగా అనేవాణ్ణి. పక్కగది అబ్బాయి మొదట వింతగా చూసి, నెల తిరగకుండా తనూ ఒక అట్టముక్క తెచ్చుకున్నాడు. నాన్నగారి పొలం ఎంతకు పోయిందో నాకు తెలుసు కాబట్టి ఆకాశంలో ఆలోచించుకోవడానికి నాకు మనసొప్పేది కాదు. ఆలోచన అంతా కుర్చీలోనే అయిపోవాలి.

3. ఎగరని రోజు సెలవు కాదు.

నేను చెప్పదలచుకున్నదాంట్లో ఇదే ముఖ్యం, అందుకని కొంచెం నెమ్మదిగా చెబుతాను.

గ్రాండ్ ఫోర్క్స్ ఎర్ర నది ఒడ్డున ఉంది. నేల చాప పరిచినట్టు ఉంటుంది. గోధుమ చేలు, చక్కెర దుంపల చేలు. మైలుకో రోడ్డు, ఉత్తర దక్షిణంగా ఒకటి, తూర్పు పడమరగా ఒకటి, గళ్ళ పంచె పరిచినట్టు. కొత్త పైలట్‌కు అంతకన్నా మంచి చోటు ఉండదు, దారి తప్పినా నేలే దిక్కులు చెబుతుంది. దుంపలు ఫ్యాక్టరీకి తోలే రోజుల్లో తణుకులో చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బళ్ళు వెళ్ళే రోజులు గుర్తొచ్చి ఇంటి మీద బెంగ పట్టేది.

అయితే నవంబరు దాటితే ఆ నేల మరోలా ఉంటుంది. సున్నాకు దిగువన ముప్ఫై డిగ్రీల చలి. ఇంజనుకు వేడిగాలి పట్టించకుండా స్టార్ట్ చేయకూడదు. రెక్కల మీద పేరుకున్న మంచు కాగితమంత మందం ఉన్నా గీకి తీసేయాలి, ఎందుకంటే ఆ గరుకుతనం చాలు రెక్క మీదుగా పారే గాలిని చెడగొట్టడానికి. అడ్డుగోడ లేని మైదానంలో గాలి రన్‌వేకు అడ్డంగా కొడుతుంది. వారంలో మూడు పాఠాలు రాసుకుంటే ఒక్కోసారి మూడూ రద్దయ్యేవి.

నాన్నగారు నీలం రంగు ఏరోగ్రాముల్లో ఉత్తరాలు రాసేవారు. ప్రతి ఉత్తరం చివరా ఒకే ప్రశ్న: "ఇప్పటికి ఎన్ని గంటలయ్యాయి?" ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి సిగ్గుగా ఉండేది. ఆ సిగ్గుతోనే ఒక పొద్దున, 1983 వసంతంలో, ఒంటరిగా దూరప్రయాణం చేసే పాఠానికి బయల్దేరిపోదామని చూశాను. ఆకాశం తేటగా ఉంది. కాగితాలన్నీ సిద్ధం. మా ఇన్‌స్ట్రక్టర్ వాతావరణ నివేదిక నా ముందు పెట్టి, ఉష్ణోగ్రత ఎంత, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబిందువులుగా మారే ఉష్ణోగ్రత) ఎంత అని మాత్రం అడిగాడు. రెంటికీ తేడా ఒక్క డిగ్రీ. గాలి లేదు. నేల తడిగా ఉంది. నేను చదివాను గానీ చూడలేదు. ఆయన నన్ను వెళ్ళొద్దని అనలేదు, కాఫీ తాగి వద్దాం రమ్మన్నాడు. మేము తిరిగొచ్చేసరికి రన్‌వే రెండో చివర కనబడటం లేదు, పొగమంచు. నేను బయల్దేరి ఉంటే అప్పటికి ఇరవై మైళ్ళ దూరంలో ఉండేవాణ్ణి, దిగడానికి ఆ విమానాశ్రయం లేకుండా.

ఆ సాయంత్రం ఒక రూళ్ళ పుస్తకం కొన్నాను. లాగ్‌బుక్‌లో ఎగిరిన గంటలు రాస్తాం. ఇందులో ఎగరని రోజులు రాయడం మొదలుపెట్టాను. తేదీ, గాలి, మబ్బు ఎత్తు, చూపు దూరం, రెండు ఉష్ణోగ్రతలు, ఎవరు వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు, సాయంత్రానికి నిజంగా ఏమైంది. పాఠం రద్దయినా విమానాశ్రయానికి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి చూసి రాసేవాణ్ణి. నాలుగేళ్ళలో పుస్తకం నిండిపోయింది. నేను వాతావరణ శాస్త్రం నేర్చుకున్నది తరగతిలో సగం, ఆ పుస్తకంలో సగం.

తర్వాత కెప్టెన్ అయ్యాక, ఒక డిసెంబరు రాత్రి ఢిల్లీ దిగాల్సి ఉండగా, ఉష్ణోగ్రత డ్యూ పాయింట్‌ను అంటుకుంటోందని దారిలోనే చూసి, ఇంధనం చేతిలో ఉండగానే వేరే ఊరికి మళ్ళించాను. ప్రయాణికుల్లో పెళ్ళికి వెళ్ళేవాళ్ళున్నారు. కోపగించుకున్నారు, ఒకాయన నా చొక్కా పట్టుకోబోయాడు. వాళ్ళ కోపం న్యాయమే. నా నిర్ణయమూ న్యాయమే. ఆ నిర్ణయం నాకు రెండు నిమిషాల్లో వచ్చిందని కో పైలట్ ఆశ్చర్యపోయాడు. దాని వెనక నాలుగు చలికాలాలున్నాయి.

తొందరగా లైసెన్సు చేతికిచ్చే చోట్లు, ఎప్పుడూ ఎండ కాసే చోట్లు చాలా ఉన్నాయి. వాటిని నేను తప్పుపట్టను. కానీ డిగ్రీ చదువుకు ఉన్న గొప్ప వసతి కాలమే. నాలుగేళ్ళ రుతువులు వరసగా చూసే అవకాశం తొందర కోర్సులో రాదు.

4. తరగతిలో చెప్పింది ప్రాణం కాపాడేదాకా పుస్తకంలా కనిపిస్తుంది.

శరీరం గురించి ఒక పేపరు ఉండేది. చెవి లోపల గొట్టాల్లో ద్రవం కదలికను బట్టి మనం తిరుగుతున్నామో లేదో మెదడుకు తెలుస్తుంది. మబ్బులో నిదానంగా ఒక పక్కకు తిరుగుతూ కాసేపు ఉంటే ఆ ద్రవం నిలకడకొస్తుంది. అప్పుడు తిన్నగా వెళ్తున్నట్టే అనిపిస్తుంది. సరిచేస్తే అవతలి పక్కకు ఒరిగిపోతున్నట్టు అనిపిస్తుంది. పరీక్ష కోసం బట్టీ పట్టాను. మరుసటి ఏడాది మొదటిసారి నిజమైన మబ్బులోకి వెళ్ళినప్పుడు నా ఒళ్ళంతా ఎడమకు పడిపోతున్నామని అరుస్తోంది, మీటరు మాత్రం రెక్కలు సమంగా ఉన్నాయంటోంది. ఆ పేపరు గుర్తొచ్చి మీటరునే నమ్మాను.

5. గంటలు వేరు, నేర్చుకున్నది వేరు.

2009 ఫిబ్రవరి 12 రాత్రి, నెవార్క్ నుంచి బఫెలో వెళ్తున్న కోల్గన్ ఎయిర్ విమానం ఒక ఇంటి మీద కూలింది. విమానంలోని 49 మంది, ఇంట్లో ఒకరు చనిపోయారు. వేగం ప్రమాదకరంగా పడిపోతోందని చేతిలోని కంట్రోల్ కర్ర అదిరి హెచ్చరించినప్పుడు, కెప్టెన్ ముక్కును దించాల్సింది పోయి వెనక్కి లాగాడు. చనిపోయినవాళ్ళ కుటుంబాలు పట్టువదలకుండా పోరాడటంతో 2010లో చట్టం వచ్చింది. 2013 నుంచి అమెరికాలో ఎయిర్‌లైన్ కో పైలట్‌కైనా 1,500 గంటలుండాలి. ఆమోదం పొందిన విమానయాన డిగ్రీ ఉంటే 1,000 చాలు, రెండేళ్ళ డిగ్రీ అయితే 1,250. విశ్వవిద్యాలయ చదువుకు అక్కడ ఇప్పుడున్న గిరాకీకి ఈ రాయితీ పెద్ద కారణం.

కానీ పిల్లలకు నేను ఇంకో మాట కూడా చెబుతాను. ఆ రాత్రి ఆ కాక్‌పిట్‌లో ఉన్న ఇద్దరికీ 1,500 గంటలు దాటే ఉన్నాయి. రాయితీ కోసం డిగ్రీ చదివితే అయిదొందల గంటలు మిగులుతాయి, అంతే. స్టాల్ అంటే ఏమిటో, అలసిన శరీరం ఎలా తప్పు చేస్తుందో లోతుగా తెలుసుకోవడానికి చదివితే ఆ చదువు పనికొస్తుంది.

మన దేశంలో ఆ 1,500 నిబంధన లేదు. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు, అందులో 100 తనే కమాండర్‌గా. అంటే ఇంచుమించు అంత అనుభవంతోనే మన పిల్లలు పెద్ద విమానంలో కుడి సీట్లో కూర్చుంటున్నారు. గంటలు తక్కువైన చోట చదువు ఇంకా గట్టిగా ఉండాలి.

6. తప్పిన పరీక్షను దాచకండి.

ఒక చెక్‌రైడ్, అంటే ఎగిరి చూపించే పరీక్ష, నేను తప్పాను. కమర్షియల్ లైసెన్సు పరీక్షలో ఏటవాలు మలుపు తిప్పుతుంటే ఎత్తు హద్దు దాటింది. నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఆ ఒక్క మలుపునే సాధన చేసి మళ్ళీ వెళ్ళి ఉత్తీర్ణుణ్ణయ్యాను. ఉద్యోగ ఇంటర్వ్యూల్లో అడిగిన ప్రతిచోటా ఉన్నదున్నట్టు చెప్పాను, ఎక్కడా నష్టం జరగలేదు. 2011లో మన దేశంలో నకిలీ మార్కుల కాగితాలతో లైసెన్సులు పొందినవాళ్ళు దొరికిపోయారు. ఎగరని గంటను లాగ్‌బుక్‌లో రాయడం కూడా అదే జాతి నేరం. వెనక సీట్లో ఉన్నవాళ్ళు ఆ అంకెను నమ్మి కూర్చుంటారు.

7. ఎగరడం ఆగిపోయిన రోజున డిగ్రీ అన్నం పెడుతుంది.

1987లో నేను తిరిగొచ్చేసరికి ఉద్యోగం లేదు. 1953 నుంచి మన దేశంలో ప్రయాణికుల విమానాలు ప్రభుత్వ సంస్థల చేతిలోనే ఉండేవి. ఖాళీలు తక్కువ, క్యూ పొడవు. 1990ల మొదట్లో ప్రైవేటు విమానాలకు తలుపులు తెరిచేదాకా అయిదారేళ్ళు నేలమీదే ఉన్నాను. హైదరాబాదులో నావిగేషన్, వాతావరణ శాస్త్రం పాఠాలు చెప్పి ఇల్లు నడిపాను. లైసెన్సు ఒక్కటే ఉండి ఉంటే ఆ పని దొరికేది కాదు. బోధన వల్ల ఇంకో మేలు జరిగింది. చెప్పాల్సి వచ్చాకే చాలా సంగతులు నాకు నిజంగా అర్థమయ్యాయి.

ఈ వృత్తికి గడ్డుకాలం కొన్నేళ్ళకోసారి వస్తుంది. 2001, 2008, మన దగ్గర 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, ఆ మరుసటేడు కరోనా. ఒక రక్తపోటు అంకె చాలు ఏడాది పాటు దించేయడానికి. అందుకే పిల్లలతో అంటాను: డిగ్రీలో విమానంతో పాటు ఇంకో విద్య పట్టుకోండి. వాతావరణం, గణాంకాలు, ఎయిర్ ట్రాఫిక్, నిర్వహణ, ఏదైనా సరే.

8. తిరిగొచ్చే దారి ముందే చూసుకోండి.

అమెరికా లైసెన్సుతో ఇక్కడ నేరుగా ఎగరలేరు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే రాతపరీక్షలు, రేడియో వాడకానికి ఆర్టీఆర్ అనే లైసెన్సు, ఇక్కడి వైద్య పరీక్ష ఉంటాయి. ఆ పుస్తకాలు అక్కడ ఉండగానే తెప్పించుకుని చదవండి. దేశంలోనే చదవాలనుకుంటే రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో శిక్షణతో పాటు బీఎస్సీ ఏవియేషన్ చదివే వీలుంది. ఆడపిల్లను పంపాలా అని సందేహించే తల్లిదండ్రులకు ఒక్కమాట: పైలట్లలో మహిళల వాటా ప్రపంచ సగటు కంటే మన దేశంలోనే ఎక్కువ. నా పక్క సీట్లో కూర్చున్న అమ్మాయిలు ఎవరికీ తీసిపోలేదు.

చివరగా తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ దూరదేశం నుంచి ఫోన్ చేసినప్పుడు ఎన్ని గంటలయ్యాయని అడగకండి. ఈ వారం ఎందుకు ఎగరలేదో అడగండి. గాలి గురించీ మబ్బు గురించీ చెప్పడం మొదలుపెడితే, అర్థం కాకపోయినా చివరిదాకా వినండి.