ఫోల్డరు సర్దగలిగితే మెనూ తానే వస్తుంది

గద్వాల, అలంపూర్ తాలూకాలు 1956 వరకు రాయచూరు జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో అవి మహబూబ్‌నగర్ జిల్లాలోకి వచ్చాయి. 2016 అక్టోబర్ 11న మళ్లీ విడిపోయి జోగులాంబ గద్వాల జిల్లా అయ్యాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్ కూడా ఆ రోజే జిల్లాలయ్యాయి. ఊళ్లు ఉన్నచోటే ఉన్నాయి, మారింది వాటి పైన రాసుకునే జిల్లా పేరు. వెబ్ డెవలపర్ కావాలనుకునే డిగ్రీ, పాలిటెక్నిక్ విద్యార్థికి ఈ చరిత్ర ఎందుకని అనిపించవచ్చు. వెబ్‌సైట్ మెనూ తయారీలో ఎదురయ్యే అసలు చిక్కు ఇలా వర్గం మారిపోవడమే కాబట్టి. దీన్ని విప్పడం తెలిసినవాళ్లకు ఉద్యోగాల మార్కెట్లో విలువ ఉంటుందని నా వాదన.

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. మెనూను చేత్తో రాస్తే కొత్త పేజీ చేర్చిన ప్రతిసారీ ఇంకోచోట లింకు కూడా చేర్చాలి. పేజీలు వందకు చేరేసరికి ఏదో ఒక లింకు తప్పిపోతుంది. అందుకే చాలా సాధనాలు ఫోల్డర్ల నుంచే మెనూను పుట్టిస్తాయి. మెనూ రాసివ్వకపోతే ఎంకేడాక్స్ ఫోల్డర్లను చదివి తనే కట్టుకుంటుంది. డాక్యుసారస్ పక్కపట్టీ మెనూను అలాగే తయారుచేస్తుంది. హ్యూగో పై వరుస ఫోల్డర్లను విభాగాలుగా తీసుకుంటుంది. ఇదే పనిని పైథాన్‌లో మీరే రాయవచ్చు: ఫోల్డరు తెరవాలి, అందులోని ఫైళ్లకు లింకులు రాయాలి, లోపల ఇంకో ఫోల్డరు కనిపిస్తే అదే ఫంక్షన్‌ను మళ్లీ పిలవాలి. పరీక్షల కోసం బట్టీపట్టే రికర్షన్, ట్రీ పాఠాలు ఇక్కడ పనికొచ్చే వస్తువులవుతాయి. ఇంటర్వ్యూలో ట్రీ గురించి అడిగినప్పుడు నిర్వచనం చెప్పే అభ్యర్థికీ, తాను కట్టిన మెనూ చూపించే అభ్యర్థికీ తేడా ఎవరికైనా తెలిసిపోతుంది.

అయితే యంత్రానికి వదిలేస్తే సరిపోదు. అక్షరక్రమంలో పేర్చమంటే 2 కంటే 10 ముందు వస్తుంది, అందుకే 02, 10 అని రాయాలి, లేదా ప్రతి ఫైలు తలభాగంలో వరుస సంఖ్య ఇవ్వాలి. విండోస్ కంప్యూటర్లో ఫైలు పేరులోని ఇంగ్లిషు పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే అయినా లినక్స్ సర్వర్ వాటిని వేరువేరుగా చూస్తుంది. ఇంట్లో పనిచేసిన లింకు సర్వర్ ఎక్కాక తెగిపోవడానికి తరచూ ఇదే కారణం. ఫోల్డరుకు తెలుగు పేరు పెట్టుకోవచ్చు, కానీ వెబ్ చిరునామాలో ఒక్కో తెలుగు యూనికోడ్ గుర్తు శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలుగా మారుతుంది. ‘గద్వాల’లో అలాంటి గుర్తులు ఆరు. ఆ ఒక్క పేరు 54 అక్షరాల చిరునామా అవుతుంది, వాట్సాప్‌లో పంపితే చదివేవాడికి అర్థం కాదు. కాబట్టి ఫోల్డరుకు చిన్న ఆంగ్ల లిపి పేరు పెట్టి, మెనూలో కనిపించే తెలుగు శీర్షికను ఫైలు లోపల విడిగా రాయడం మేలు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం వర్గీకరణలో ఉంది. 2015లో ఎవరైనా మహబూబ్‌నగర్ ఫోల్డరులో అలంపూర్, దాని లోపల నవబ్రహ్మ ఆలయాలు అని పెట్టి సైటు కట్టారనుకోండి. మరుసటి ఏడాదికే ఆ అమరిక తప్పయింది. ఫోల్డరు జరిపితే పేజీ చిరునామా మారుతుంది, పాత లింకులన్నీ తెగుతాయి. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఈ సంగతి హెచ్చరించారు: విషయ వర్గీకరణను చిరునామాలో ఇరికించకండి, అది కాలంతో మారుతుంది అని. ఆయన మాటను నేను పూర్తిగా సమర్థిస్తాను. ఫోల్డర్ల నుంచి మెనూ కట్టే పద్ధతినే ఇది కొట్టిపారేస్తుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. కొట్టిపారేయదు, హద్దు గీస్తుంది. మారనివాటిని, అంటే ఊరు, ఆలయం, జలపాతం వంటి వాటిని ఫోల్డర్లు చేయాలి. మారే జిల్లా పేరును ఫైలు తలభాగంలో ఒక వివరంగా రాసి, మెనూలోని జిల్లా శీర్షికను దాన్నుంచి పుట్టించాలి. అప్పుడు జిల్లా మారితే ఒక పంక్తి దిద్దితే చాలు. జరపక తప్పని పేజీలకు పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ పెట్టాలి.

ఒక అంశం రెండు వర్గాల కిందికి వచ్చినప్పుడూ ఇదే దారి. పానగల్ మండలం వనపర్తి జిల్లాలోది, శాసనసభ లెక్కలో మాత్రం నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపూర్ నియోజకవర్గానిది. ఫోల్డరు ఒక్క చోటే ఉండగలదు, ట్యాగులు ఎన్నయినా ఉండవచ్చు. గద్వాల చీర సంగతి ఇంకా ఆసక్తికరం. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ చీరను ఎక్కడ పెట్టాలి? కొనేవాళ్లు దుకాణాల కింద వెతుకుతారు. నూలు ఒంటికి పట్టు అంచును కుప్పడం పద్ధతిలో ఎలా కలుపుతారో తెలుసుకోవాలనుకునే విద్యార్థి చేనేత కింద చూస్తాడు. జోగులాంబ అమ్మవారి దర్శనానికి వచ్చిన కుటుంబం పర్యాటకం కింద చూస్తుంది. సైటు ఎవరి కోసమో తేల్చుకోకుండా దీనికి జవాబు లేదు, ఆ జవాబును ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. వర్డ్‌ప్రెస్‌లో మౌస్‌తో లాగితే మెనూ వస్తోంది, ఏఐని అడిగితే కోడ్ రాసిస్తోంది, మన జిల్లాల అధికారిక సైట్లకేమో జాతీయ సమాచార కేంద్రం ఎస్‌త్రీవాస్ అనే సిద్ధమైన చట్రం ఇచ్చింది. మరి నేర్చుకోవడం దేనికి? కోడ్ టైపు చేసే పని తగ్గుతోందన్నది నిజమే. కానీ చట్రం ఎంత సిద్ధంగా ఉన్నా ఏ పత్రం ఏ శీర్షిక కిందికి వెళ్లాలో ఒక మనిషి నిర్ణయించాలి. ఏఐ ఇచ్చిన వర్గీకరణలో పానగల్ ఎక్కడ తప్పిందో పట్టుకోవాలంటే ఆ నేల తెలిసి ఉండాలి. ఆ ఎరుక అక్కడే పెరిగిన మీకు ఉంది. అలాగని ఈ ఒక్క నైపుణ్యంతో ఉద్యోగం వస్తుందని చెప్పడం మోసం. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, గిట్ తప్పవు. మౌస్ లేకుండా కీబోర్డుతోనే మెనూలో తిరగగలిగేలా చేయడం కూడా నేర్వాలి, కళ్లు కనిపించనివారు దాని మీదే ఆధారపడతారు.

ఈ సెలవుల్లో మీ మండలం గురించి ముప్పై పేజీల సైటు కట్టండి. గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టవచ్చు. మెనూను ఫోల్డర్ల నుంచే పుట్టించండి, ఆ అమరికను ఎందుకు ఎంచుకున్నారో ఒక పేజీలో తెలుగులో, ఒక పేజీలో ఇంగ్లిషులో రాయండి. తర్వాత ఊళ్లో ఇద్దరు పెద్దవాళ్ల చేతికి ఫోనిచ్చి ఏదైనా ఒక సమాచారం వెతకమనండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో అక్కడ మెనూ అమరిక దిద్దండి. రెజ్యూమెలో ఆ సైటు చిరునామాను పేరు కిందే రాయండి.