ఒకే బంతి, రెండు దారులు (వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆట నుంచి ఒక పాఠం)

ఈ నెల గోడ పత్రికలో పాఠం రాసే వంతు తొమ్మిదో తరగతిది. నేను క్రికెట్ గురించి రాస్తానంటే మా గది పిలకాయలు నవ్వారు. "అది ఆట గదా, పాఠం ఎట్టా అవుతుందే?" అన్నారు. అవుతుంది. ఇందులో లెక్కలున్నాయి. కాంతి పాఠంలో చదివిన కోణాలు ఉన్నాయి. చివర్లో మన సంగతి కూడా ఉంది. కాస్త పొడుగ్గా ఉంటుంది, నిలబడి ఓపికగా చదవండి.

వాన వచ్చి ఆటల పీరియడు పోయిన ఒక రోజు మా పి.ఇ.టి. మేడం కంప్యూటరు గదిలో పాత మ్యాచ్ ఒకటి చూపించారు. అందులో ఆడిన మనిషి గురించే ఈ పాఠం. తరువాత గ్రంథాలయంలో చదివి, మేడంని అడిగి, అంకెలన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను.

ఎవరీ లక్ష్మణ్?

పూర్తి పేరు వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్. 1974 నవంబరు 1న హైదరాబాదులో జన్మించారు. తల్లిదండ్రులిద్దరూ డాక్టర్లు. ఆయన కూడా బాగా చదివేవారు, డాక్టరు కావలసినవారే. కానీ క్రికెట్టును ఎంచుకున్నారు. 1996 నవంబరులో అహమ్మదాబాదులో దక్షిణాఫ్రికా మీద మొదటి టెస్టు ఆడి రెండో ఇన్నింగ్సులో 51 పరుగులు చేశారు.

ఆ తరువాత కథ సాఫీగా నడవలేదు. ఆయన మధ్యలో వచ్చి ఆడే బ్యాటరు. జట్టులో ఆ చోటు ఖాళీ లేదని మొదట్లోనే పంపించేవారు. కొత్త బంతి ముందు ఎక్కువసార్లు తొందరగా అవుటయ్యేవారు. జట్టులోకి తీసుకునేవారు, తీసేసేవారు. 2000 జనవరిలో సిడ్నీలో మన జట్టంతా కలిసి 261 పరుగులు చేస్తే అందులో 167 ఆయనవే. 1999-2000 రంజీ ట్రోఫీలో హైదరాబాదు తరఫున 8 సెంచరీలతో 1,415 పరుగులు చేశారు. అయినా భారత జట్టులో ఆయన చోటు గట్టిపడలేదు.

బూట్ల కింద చెదిరిన నేల

ఇప్పుడు అసలు పాఠంలోకి వద్దాం. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు, అంటే సుమారు 20 మీటర్లు. టెస్టు మ్యాచ్ ఐదు రోజులు జరుగుతుంది. బౌలర్లు పరిగెత్తి వచ్చి ఒకే చోట కాలు మోపుతారు. వాళ్ల బూట్లకు మేకులుంటాయి. రెండు మూడు రోజులకు ఆ చోటు, గొడ్లు తొక్కిన కయ్య గట్టు మాదిరి, చెదిరి గరుకుగా అవుతుంది. కుడిచేతి బ్యాటరుకు అది కాళ్ల వెనక పక్కన వస్తుంది.

ఆస్ట్రేలియా బౌలరు షేన్ వార్న్ బంతిని బాగా తిప్పేవాడు. సరిగ్గా ఆ గరుకు మీద వేసేవాడు. బంతి కాళ్ల వెనక పడి, ఒక్కసారిగా తిరిగి, ఒంటికి అడ్డంగా వచ్చేది. ఎంత తిరుగుతుందో, ఎంత లేస్తుందో తెలియదు. చాలామంది బ్యాటర్లు ఏం చేసేవారు? వెనకే ఉండి, కాలికి కట్టిన ప్యాడ్ అడ్డం పెట్టేవారు. అట్టా చేస్తే అవుటు కారు, కానీ పరుగులు రావు. బౌలరు భయం లేకుండా ఎంతసేపైనా వేస్తాడు.

లక్ష్మణ్ వేరేగా ఆలోచించారు. ఆయన ముందుకు నడిచారు. రెండు మూడు అడుగులు వేసి బంతి దగ్గరికే పోయారు. ఎందుకంటే నేల మీద పడిన వెంటనే కొడితే బంతికి తిరగడానికి చోటు ఉండదు. ఇందులో ప్రమాదం కూడా ఉంది. బంతి తప్పితే వెనక వికెట్ కీపరు పట్టి వికెట్లు పడగొడతాడు, అంతే, అవుటు. కాబట్టి ముందుకు నడవాలంటే ధైర్యం ఒక్కటే చాలదు, కాళ్లు సరిగ్గా పడాలి.

మణికట్టు చేసే పని

ఇంకో విచిత్రం చూడండి. ఒకే చోట పడిన బంతిని ఆయన ఒకసారి కుడి పక్కకు, అంటే కవర్స్ వైపు కొట్టారు. ఇంకోసారి అట్లాంటి బంతినే ఎడమ పక్కకు, అంటే మిడ్ వికెట్ వైపు కొట్టారు. (పక్కన నేను గీసిన బొమ్మ చూడండి. ఎర్ర గీత ఒక దారి, నీలం గీత ఇంకో దారి.) ఇప్పుడు ఫీల్డరును ఎక్కడ నిలబెట్టాలి? ఒక పక్క మూస్తే ఇంకో పక్క తెరుచుకుంటుంది. బౌలరుకు తోచలేదు.

ఇది ఎట్టా కుదిరింది? మణికట్టు వల్ల. కాంతి పాఠంలో మనం అద్దంతో ఎండ మచ్చను గోడ మీద ఆడించాం, గుర్తుందా? అద్దాన్ని 10 డిగ్రీలు తిప్పితే వెలుగు 20 డిగ్రీలు జరుగుతుంది. బ్యాటు అద్దం కాదు, అది కూడా కదులుతుంది, బంతి తిరుగుతూ వస్తుంది, అందుకని లెక్క అంత కచ్చితంగా రాదు. కానీ సంగతి అర్థమవుతుంది. చివరి క్షణంలో మణికట్టు కొంచెం తిరిగితే బంతి చాలా దూరం దారి మారుతుంది. పెద్ద బలం అక్కరలేదు.

ఇది చూసినప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. మాది మైపాడు వైపు, ఉప్పుటేరు పక్కన. మా నాయన నీళ్లల్లో నడుము లోతు నిలబడి ఇసురు వల వేస్తాడు. వల బరువంతా భుజం మీద ఉంటుంది. కానీ వల గుండ్రంగా విచ్చుకునేది చివర్లో మణికట్టు తిప్పినప్పుడే. అది తప్పితే వల ముద్దగా పడుతుంది, చేపలన్నీ పారిపోతాయి. మా నాయనకు మా తాత నేర్పించాడు. ఏ పుస్తకంలోనూ లేదు.

లక్ష్మణ్‌కు కూడా ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు. హైదరాబాదులో ఆయనకంటే ముందు ఎం.ఎల్. జయసింహ ఉన్నారు, మహమ్మద్ అజారుద్దీన్ ఉన్నారు. అజారుద్దీన్ 1984-85లో ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు చేశారు. ఆయన మణికట్టు తిప్పి కొట్టే షాట్లు పేరు పొందినవి. కాబట్టి కొత్తది కనిపెట్టడం అంటే ఏమీ లేని చోటు నుంచి పుట్టించడం కాదని నాకు తెలిసింది. పెద్దల కాడ నుంచి వచ్చిన పాత విద్యను, ఎవరూ వాడని చోట వాడటం.

274 పరుగులు వెనక

ఆ మ్యాచ్ 2001 మార్చి 11 నుంచి 15 వరకు కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో జరిగింది. ఆస్ట్రేలియా అప్పటికి వరుసగా 16 టెస్టులు గెలిచింది. అంతకు ముందు ముంబైలో మన జట్టును మూడు రోజుల్లోనే 10 వికెట్ల తేడాతో ఓడించింది.

కలకత్తాలో ఆస్ట్రేలియా 445 పరుగులు చేసింది. అందులోనే హర్భజన్ సింగ్ హ్యాట్రిక్ తీశాడు, టెస్టుల్లో భారతీయుడు తీసిన మొదటి హ్యాట్రిక్ అదే. తరువాత మన జట్టు 171కే అవుటయింది. లక్ష్మణ్ 59 చేసి అందరికన్నా చివర అవుటయ్యారు. ఐదు రోజుల మ్యాచ్‌లో 200 లేక అంతకంటే ఎక్కువ పరుగులు వెనకబడిన జట్టును, వెంటనే మళ్లీ ఆడమని ఎదుటి జట్టు అడగవచ్చు. దీన్ని ఫాలో ఆన్ అంటారు. మనం 274 వెనక ఉన్నాం.

మొదటి ఇన్నింగ్సులో ఆరో స్థానంలో ఆడిన లక్ష్మణ్‌ను ఈసారి మూడో స్థానంలో పంపించారు. మూడో రోజు సాయంత్రానికి మన జట్టు 4 వికెట్లకు 254. లక్ష్మణ్ 109 మీద ఉన్నారు. తీసివేత చేయండి. ఇంకా 20 పరుగులు వెనకే.

నాలుగో రోజు పొద్దున లక్ష్మణ్, రాహుల్ ద్రావిడ్ బ్యాటింగుకు వెళ్లారు. సాయంత్రం ఇద్దరే తిరిగి వచ్చారు. ఆ రోజంతా ఒక్క వికెట్టు కూడా పడలేదు. ఒక్కరోజులో 335 పరుగులు. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు. ద్రావిడ్ 180, లక్ష్మణ్ 281. అప్పటికి టెస్టుల్లో భారతీయుడి అత్యధిక స్కోరు గవాస్కర్ చేసిన 236. లక్ష్మణ్ దాన్ని దాటారు. 2004లో సెహ్వాగ్ 309 చేసేదాకా ఆయనదే రికార్డు. ఇంకో సంగతి, ఆ మ్యాచ్‌లో లక్ష్మణ్‌కు నడుం నొప్పి ఉంది. ఆ నొప్పితోనే 631 నిమిషాలు, అంటే 10 గంటల 31 నిమిషాలు ఆడారు.

మన జట్టు 7 వికెట్లకు 657 చేసి డిక్లేర్ చేసింది. చివరి రోజు ఆస్ట్రేలియా 212కే అవుటయింది. 171 పరుగులతో మనం గెలిచాం. ఫాలో ఆన్ ఆడి గెలవడం టెస్టు చరిత్రలో అప్పటికి మూడోసారి మాత్రమే. ముందు రెండు 1894లో, 1981లో. ఆ తరువాత 2023లో న్యూజిలాండ్ గెలిచింది.

ఒక చిన్న లెక్క

లక్ష్మణ్ 281 పరుగుల్లో 44 ఫోర్లు, సిక్సర్ ఒక్కటీ లేదు.
44 × 4 = 176.
281 – 176 = 105.
అంటే 105 పరుగులు వికెట్ల మధ్య ఉరికి తెచ్చుకున్నవే, ఒకటీ, రెండూ, మూడూగా. ఆడిన బంతులు 452. టీవీలో ఫోర్లు మాత్రమే మళ్లీ మళ్లీ చూపిస్తారు. ఈ 105ని ఎవరూ చూపించరు. నేను ఈ లెక్క చేసుకున్నాకే ఆ ఆట నాకు బాగా నచ్చింది.

తరువాత ఏమయింది?

అంత ఆడినా 2003 ప్రపంచ కప్పు జట్టులోకి ఆయన్ను తీసుకోలేదు. ఒక్క ప్రపంచ కప్పు మ్యాచ్ కూడా ఆడకుండానే ఆయన ఆట ముగిసింది. కానీ ఆగిపోలేదు. 2003 డిసెంబరులో అడిలైడ్‌లో 148 చేసి, ద్రావిడ్‌తో కలిసి 303 పరుగులు జోడించారు. ఆ టెస్టు మనమే గెలిచాం. 2010 అక్టోబరులో మొహాలీలో 216 కొట్టాల్సి ఉండగా 124కే 8 వికెట్లు పడ్డాయి. మళ్లీ నడుం నొప్పి. ఆయన బదులు పరిగెత్తడానికి ఇంకొకరు వచ్చారు. బౌలరు ఇషాంత్ శర్మను పక్కన పెట్టుకుని 73 నాటౌట్ చేసి ఒక్క వికెట్ తేడాతో గెలిపించారు. 2012 ఆగస్టులో విరమించారు. మొత్తం 134 టెస్టులు, 8,781 పరుగులు, 17 సెంచరీలు. 2011లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇది మగవాళ్ల ఆట అనుకోవద్దు. హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ 2002లో 19 ఏళ్ల వయసులోనే ఇంగ్లాండు మీద టెస్టులో 214 చేశారు. భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష 2025లో అండర్-19 ప్రపంచ కప్పులో 309 పరుగులు చేసి టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి అయింది. అదే సంవత్సరం ప్రపంచ కప్పు గెలిచిన మహిళల జట్టులో కడప జిల్లా శ్రీచరణి ఉంది.

మనకేం పాఠం?

ఇప్పుడు మన సంగతి చెప్తాను. నా పక్క బెంచి పిల్ల దసరా సెలవులకు ఇంటికి పోయింది, మళ్లా రాలేదు. అమ్మానాయనలతో రొయ్యల గుంట కాడ కాపలా ఉంటుందంట. ఆటల పీరియడులో కొబ్బరి మట్ట బ్యాటు పట్టుకుని ఏ బంతి వేసినా వేపచెట్టు వైపు తిప్పి కొట్టేది. మేము "అడ్డం కొడుతుంది" అని నవ్వేవాళ్లం. ఇప్పుడు తెలుస్తా ఉంది, ఆమె మణికట్టు మంచిదని. నవ్వినందుకు సిగ్గుగా ఉంది.

పోయిన పరీక్షల్లో లెక్కల్లో ఆమెకు 11 మార్కులు, నాకు 19. పాసు కావాలంటే 35. ఆమె 24 వెనక, నేను 16 వెనక. పోయే రోజు పెట్టె సర్దుకుంటా "ఇంక నాకు రాదులేవే" అంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

లక్ష్మణ్‌కు ఉన్నవి మనకు లేవు. వాళ్ల అమ్మానాయనలు డాక్టర్లు. మా యానాది ఇళ్లల్లో చదువుకున్నవాళ్లు తక్కువ, మా ఇంట్లో అయితే అక్షరం ముక్క నేర్చింది నేనే మొదలు. మా నాయన వేలిముద్ర వేస్తాడు. మనం బడిలో అడుగు పెట్టేటప్పటికే ఫాలో ఆన్‌లో ఉన్నాం. ఇది దాచిపెట్టడం ఎందుకు? కానీ ఫాలో ఆన్ అంటే మ్యాచ్ అయిపోయిందని కాదు. మళ్లీ ఆడమని. 274ని ఎవరూ ఒక్క దెబ్బతో కొట్టలేరు. మూడో రోజు సాయంత్రానికి కూడా 20 వెనకే ఉన్నారు గదా.

ఇంకో మాట. ముందుకు నడిస్తేనే బంతి తిరగదు. నేను లెక్కల్లో అర్థం కానిది వెనక బెంచీలో దాక్కుని తప్పించుకునేదాన్ని. అది ప్యాడ్ అడ్డం పెట్టడమే. అవుటు కాలేదు, పరుగులూ రాలేదు. ఇప్పుడు రోజూ రాత్రి స్టడీ అవర్‌లో ఒక్క లెక్క తీసుకుని సారు దగ్గరికే పోతా ఉన్నాను. మొన్న స్లిప్ టెస్టులో 25కి 9 వచ్చాయి. ఫోరు కాదు, ఒకటీ రెండూ పరుగులే.

ఈ పాఠం ఇంకో కాగితం మీద కూడా రాశాను. ఆదివారం మా నాయన నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఇచ్చి పంపిస్తాను. ఆమె ఉండే గుంట గట్టు మీదుగానే మా నాయన వలకు పోతాడు. మే, నువ్వు చదువుతావు గదా, నీ బెంచి నేను ఎవరికీ ఇయ్యలేదు. 24 ఎంతో పెద్ద అంకె కాదు. వచ్చేయ్.

ప్రశ్నలు (జవాబులు రాసి నాకు ఇవ్వండి)

1. ఫాలో ఆన్ అనగానేమి? ఐదు రోజుల మ్యాచ్‌లో ఎన్ని పరుగుల తేడా ఉండాలి?
2. బంతి దగ్గరికి ముందుకు నడిస్తే లాభమేమి? ప్రమాదమేమి?
3. ద్రావిడ్ వచ్చినప్పుడు స్కోరు 232. ఇద్దరూ కలిసి 376 జోడించారు. ఆ జోడీ విడిపోయినప్పుడు స్కోరు ఎంత?
4. మీ ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో ఉన్న ఒక విద్య గురించి ఐదు వాక్యాలు రాయండి.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని